పతకం కాదు, టైమింగ్ చూస్తారు

తెల్లవారుజామున గుడివాడ స్టేడియంలోనో, మచిలీపట్నం కాలేజీ గ్రౌండ్‌లోనో, దివిసీమ కరకట్టల మీదో పరుగెత్తే కుర్రాళ్లను ఎందుకని అడిగితే ఎక్కువమంది ఒకటే చెబుతారు: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం, లేదంటే అగ్నివీర్ కోసం. మన దగ్గర పరుగు ఉద్యోగానికి దారి. ఇప్పుడు దానికి ఇంకో ఆశ తోడైంది. 'పరుగు బాగుంటే అమెరికా కాలేజీలో ఫ్రీ సీటు' అని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే చెప్పేవాళ్లు వదిలేసే సగమే మీకు ముఖ్యం.

అమెరికా కాలేజీ కోచ్‌లు విదేశీ రన్నర్ల కోసం వెతకడం కొత్తేమీ కాదు. కెన్యాకు చెందిన హెన్రీ రోనో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థిగా ఉండగానే, 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టాడు. మనవాళ్లలో హైజంపర్ తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ తరఫున 2018లో, 2022లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు. హరియాణా కుర్రాడు పర్వేజ్ ఖాన్ ఫ్లోరిడా యూనివర్సిటీకి పరుగెత్తి 2024లో ఎస్ఈసీ 1500 మీటర్ల విజేత అయ్యాడు. అంటే దారి ఉంది. అది మనదాకా వస్తుందా అన్నదే ప్రశ్న.

ముందు లెక్క చూడండి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవారికి 1600 మీటర్లకు 8 నిమిషాల టైం ఇస్తారు. అగ్నివీర్‌లో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. అక్కడి పెద్ద డివిజన్ 1 టీంలో చోటు కావాలంటే మగవారు 5,000 మీటర్లను సుమారు 14 నిమిషాల్లో పూర్తి చేయాలి. అంటే 1600 మీటర్లను నాలుగున్నర నిమిషాల్లో పరుగెత్తి, ఆగకుండా అదే వేగంతో మూడు రెట్లకు పైగా సాగాలి. అమ్మాయిలైతే సుమారు పదహారున్నర నిమిషాలు. డివిజన్ 2, ఎన్ఏఐఏ, రెండేళ్ల జూనియర్ కాలేజీల్లో కొంత తక్కువ వేగానికీ చోటు దొరుకుతుంది. డివిజన్ 3లో ఆట కోసం స్కాలర్‌షిప్ అసలే ఇవ్వరు. ఇచ్చేచోట కూడా చాలామందికి దక్కేది ఫీజులో కొంత భాగమే. మిగతాది ఇంట్లోవాళ్లు కట్టుకోవాల్సిందే.

రెండోది వయసు, కాలం. డివిజన్ 1లో చాలాకాలంగా ఉన్న లెక్క ఐదేళ్లలో నాలుగు సీజన్లు. ఆ గడియారం మీరు ఏ దేశంలోనైనా ఫుల్‌టైమ్ కాలేజీలో చేరిన రోజే మొదలవుతుంది. గుడివాడలో మీరు బీకాంలో చేరినా అది తిరుగుతున్నట్టే. మూడేళ్ల డిగ్రీ అయ్యాక మిగిలేది రెండేళ్లు, బీటెక్ అయ్యాక ఒక్కటే. ఆ మిగిలిన కాలాన్ని ఎంఎస్ చేస్తూ వాడుకోవచ్చు. కాకపోతే మన మూడేళ్ల డిగ్రీని ఎంఎస్‌కు ఒప్పుకోని యూనివర్సిటీలూ ఉన్నాయి. కాబట్టి ఈ దారి నిజంగా తెరుచుకునేది ఇంటర్‌లోనే. ఈ కబురు మీకంటే మీ తమ్ముడికో చెల్లికో ఎక్కువ పనికొస్తుంది. నియమాలు తరచూ మారుతుంటాయి గనుక ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో మీరే సరిచూసుకోండి.

మూడోది డబ్బు. 'సీటు వచ్చాకే కమీషన్ ఇవ్వండి, స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం' అని ఎవరైనా అంటే అది నిజాయితీ అనుకోకండి. స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ఫీజు అనే ఒప్పందం కుదుర్చుకుంటే మీ అర్హతకే ముప్పు. అసలు మధ్యవర్తి అవసరమే లేదు. కోచ్‌ల ఈమెయిల్ అడ్రసులు కాలేజీ వెబ్‌సైట్లలోనే ఉంటాయి. మీ టైమింగ్స్, మార్కుల మెమోలు, ఒక రేసు వీడియో పెట్టి మీరే రాయండి.

చిక్కంతా ఆ టైమింగ్స్ దగ్గరే వస్తుంది. కోచ్ మీ కప్పులూ మెడల్స్ చూడడు, 'టైమింగ్ ఎంత, ఎక్కడ నమోదైంది?' అని అడుగుతాడు. 'జిల్లా ఫస్ట్' అన్న సర్టిఫికెట్‌లో నిమిషాలు, సెకన్లు లేకపోతే వేల మైళ్ల అవతల ఉన్న మనిషికి అది ఉత్త కాగితం. అందుకే కృష్ణా యూనివర్సిటీని, మన కాలేజీల పీడీలను, జిల్లా క్రీడాధికారులను అడగాల్సింది ఒక్కటే: ప్రతి మీట్‌లో ఎలక్ట్రానిక్ టైమింగ్ పెట్టండి, ఆఖరివాడి టైం దాకా ఫలితాలన్నీ ఆన్‌లైన్‌లో ఉంచండి. స్టేడియం కట్టడంతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు తక్కువే. ఇది అమెరికా వెళ్లే ఒకరిద్దరి కోసమే కాదు. రైల్వే స్పోర్ట్స్ కోటాకు తయారయ్యేవాడు కూడా తానెక్కడున్నాడో తెలుసుకోవాలి కదా.

ఒకవేళ సీటు వచ్చినా గుర్తుంచుకోండి. పరుగు ఫీజు తగ్గిస్తుంది, ఉద్యోగం తెచ్చేది మాత్రం డిగ్రీయే. మోకాలు దెబ్బతిన్నా చేతిలో మిగిలే కోర్సు ఎంచుకోండి. ఈ వారమే ట్రాక్ మీద ఓ 5,000 మీటర్లు పరుగెత్తి, టైం రాసి పెట్టుకోండి. ఎవరి మాట నమ్మాలో ఆ అంకె చూశాక మీకే తెలుస్తుంది.