కెప్టెన్ బ్లంట్ డైరీలో బస్తర్: ఎవరి అనుమతి చెల్లింది?

ఛత్తీస్‌గఢ్ పోటీ పరీక్షల పుస్తకాల్లో బస్తర్ ఆదివాసీ పోరాటాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో 1910 నాటి భూమ్‌కాల్ కంటే చాలా ముందే, 1795 కింద 'భోపాలపట్నం సంఘర్షణ' కనిపిస్తుంది. దీనికి ముఖ్య ఆధారం ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జె.టి. బ్లంట్ రాసిన ప్రయాణ వృత్తాంతం. అంటే, అడ్డగించినవారి మాట కాదు, అడ్డగింపుకు గురైనవాడి మాట.

బ్లంట్ గంగ ఒడ్డున ఉన్న చునార్ నుంచి బయలుదేరి, కోస్తాలోని యర్నగూడేనికి దారి వెతుకుతూ వచ్చాడు. అతని దగ్గర మరాఠా అధికారుల అనుమతి పత్రాలున్నాయి. బస్తర్ రాజు దర్యావ్‌దేవ్ 1778లోనే నాగపూర్ భోంస్లేల ఆధిపత్యాన్ని అంగీకరించాడు. కాబట్టి కాగితం ప్రకారం ఆ పత్రాలు చెల్లాలి. కానీ చెల్లలేదు. గోండులు అతన్ని లోపలికి రానివ్వలేదు. దారి మార్చుకుని గోదావరి వైపు వెళ్లాల్సి వచ్చింది.

దౌత్య చరిత్రకు ఈ డైరీ ఇచ్చే అసలు సమాచారం ఇదే. కప్పం కట్టే రాజ్యమైనా, తన హద్దుల్లోకి ఎవరు రావాలో నాగపూర్ చెబితే ఊరుకోలేదు. అయితే అడ్డుకోమన్నది రాజా, జమీందారా, ఊళ్లవాళ్లేనా అన్నది అందులో తేలదు. అందుకే దీన్ని బ్రిటిష్ వ్యతిరేక స్వాతంత్ర్య పోరాటమని తేల్చేయడం తొందరపాటే. అలాగని అనాగరికుల దాడిగా తీసిపారేయడమూ కుదరదు. దారి కొలిచేవాడి వెనుక సైన్యం వస్తుందన్న అనుమానం నిరాధారం కాదు. 1818 తర్వాత నాగపూర్ రాజ్యమే ఆంగ్లేయుల చెప్పుచేతల్లోకి పోయింది. 1854లో దాన్ని కలిపేసుకున్నాక బస్తర్ నేరుగా వారి కిందికి వచ్చింది.

నేడు భోపాలపట్నం బిజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించింది. ఈ కాలపు బస్తర్ గురించి మిగిలే ఆధారాలేమిటి? పోలీసు ప్రకటనలు, మావోయిస్టుల లేఖలు, బయటి విలేకరుల కథనాలు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. ఆ సభల తీర్మానాలు నిజాయితీగా నమోదై, భద్రంగా ఉంటే, రేపటి చరిత్రకారుడు ఊరి మాటను వచ్చిపోయేవాళ్ల డైరీల్లో వెతుక్కోనక్కర్లేదు.