ఎక్కడో చూసినట్టుందే!

తెలుగు సినిమా చూడ్డానికి నలుగురు కూర్చుంటే అందులో ఒకడు తప్పకుండా ఉంటాడు. టైటిల్సు పడి పావుగంట కాకముందే "ఇది ఫలానా ఇంగ్లీషు సినిమా కదూ!" అని తేల్చేస్తాడు. ఇక మిగిలిన రెండున్నర గంటలూ మనం సినిమా చూడం, వాడు చూపించే ఆధారాలు చూస్తాం. ఇక్కడ అమెరికాలో ఈ జాతి మరీ ఎక్కువ. హాలీవుడ్డూ, కొరియన్ సినిమాలూ అన్నీ నమిలి మింగేసి ఉంటారు కాబట్టి ఏ సీను ఎక్కణ్ణించి వచ్చిందో ఇట్టే పట్టేస్తారు.

పట్టుకోవడం మంచిదే. కానీ నాకున్న పేచీ ఏమిటంటే, వాళ్లు అక్కడితో ఆగిపోతారు. "ఎక్కణ్ణించి తెచ్చాడు?" అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. "తెచ్చి ఏం చేశాడు?" అన్న రెండో ప్రశ్న ఎవరూ అడగరు. నాకు అసలు సంగతంతా ఆ రెండో దాంట్లోనే ఉందనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 1923లో బస్టర్ కీటన్ 'అవర్ హాస్పిటాలిటీ' అని ఒక మూకీ తీశాడు. న్యూయార్కులో పెరిగిన కుర్రాడు తండ్రి ఆస్తి కోసం దక్షిణాదిలోని సొంతూరికి రైల్లో బయల్దేరతాడు. దార్లో ఒకమ్మాయి పరిచయమై భోజనానికి పిలుస్తుంది. తీరా వెళ్తే అది వాళ్ల పాత పగవాళ్ల ఇల్లు. ఇంటికొచ్చిన అతిథిని చంపకూడదన్నది ఆ ఇంటి నియమం. గడప దాటాడో, ప్రాణం దక్కదు. అందుకని మనవాడు ఇంట్లోంచి కదలడు!

చదువుతుంటేనే 'మర్యాద రామన్న' గుర్తొచ్చి ఉంటుంది. 2010లో రాజమౌళి సునీల్‌ని పెట్టి తీసిన సినిమాకి ఎముకల గూడు ఇదే. రైలు ప్రయాణం దగ్గర్నించీ ఒక్కొక్కటీ పోల్చుకుంటూ పోవచ్చు. మన పట్టుకునేవాడికి పండగే.

ఇప్పుడు రెండో ప్రశ్న అడుగుదాం. అంతకుముందు పదేళ్లుగా మనం రాయలసీమని ఎలా చూస్తున్నాం? 1999లో 'సమరసింహా రెడ్డి' పెద్ద హిట్టయింది. ఆ తర్వాత 2001లో 'నరసింహ నాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవ రెడ్డి'... అవే సుమోలు, అవే వేటకొడవళ్లు, అదే ఫ్లాష్‌బ్యాకు. వీటిల్లో కొన్ని నాకూ ఇష్టమే, కాదనను. కానీ ఆ కొన్నింటిని చూసి ఆ తర్వాత ఎందరు ఎన్ని తీశారో లెక్కలేదు. ఆ సినిమాలు చూస్తే సీమలో బడికెళ్లే పిల్లలూ, వేరుశనగ పండించే రైతులూ ఉంటారని బయటివాళ్లకి తెలిసే అవకాశమే లేదు.

'మర్యాద రామన్న'లో హీరో తొడ కొట్టడు. భయపడతాడు. పాత సైకిలొకటి తోడు పెట్టుకుని (దానికి మాటలు కూడా వచ్చు, రవితేజ గొంతుతో!) ఊళ్లో పొలం అమ్ముకుని బతుకుదామని వచ్చిన మామూలు మనిషి. పగ కోసం కాచుక్కూర్చున్న నాగినీడు గడప లోపల ఉన్నంతసేపూ అతిథికి కొసరి కొసరి వడ్డించాల్సి రావడం, గడప బయట కత్తులు సిద్ధంగా ఉండడం... ఫ్యాక్షన్ ఇంటిని ఇలా లోపల్నించి, నవ్వుతూ, వణుకుతూ చూడడం మన తెరకి కొత్త. తమాషా ఏమిటంటే, 'సమరసింహా రెడ్డి'కి కథ ఇచ్చింది ఈ రాజమౌళి తండ్రి విజయేంద్ర ప్రసాదే. తండ్రి వేసిన దారిలో అందరూ పరిగెడుతుంటే, కొడుకు ఎక్కడో అమెరికా మూకీలోంచి వేరే దారి తెచ్చుకున్నాడన్నమాట.

ఇంతకీ కీటన్ మాత్రం గాల్లోంచి తీశాడా? వెస్ట్ వర్జీనియా, కెంటకీ సరిహద్దుల్లో తరాల తరబడి కొట్టుకున్న హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల పగ అక్కడ అందరికీ తెలిసిందే. అతను దాంట్లోంచి హాస్యం పిండాడు. మన సినిమా మళ్లీ హిందీలో 'సన్ ఆఫ్ సర్దార్'గా 2012లో పంజాబుకి వెళ్లింది. కథలు మనకంటే ఎక్కువ ఊళ్లు తిరుగుతాయి, అదీ వీసా గొడవ లేకుండా.

అందుకే నేననేది, మనం తప్పు కాపీని తిడుతున్నాం. బయటి కథ తెచ్చుకున్నవాణ్ణి దొంగంటాం. పక్కింటి హిట్టు చూసి అదే హీరోయిజం, అదే విలను, అదే ఇంటర్వెల్ మళ్లీ వండినవాణ్ణి మాత్రం "కమర్షియల్ సినిమా అంటే అంతే కదా" అని వదిలేస్తాం. నాకు రెండోవాడే పెద్ద కాపీరాయుడు. మొదటివాడు కనీసం కొత్త సరుకు దించాడు.

మన పాతవాళ్లకిది బాగా తెలుసు. 1955 నాటి 'మిస్సమ్మ'కి మూలం రవీంద్రనాథ్ మైత్రా రాసిన బెంగాలీ నాటకం. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల్లా నటించడమన్న ఊహ అక్కడిదే. కానీ ఆ జమీందారూ, ఆ దేవయ్యా, ఆ వెటకారం ఎవరివి? మనవే. 1957 నాటి 'మాయాబజార్' శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు, జనం నోళ్లలో ఉంది. 1936లోనే దాన్ని సినిమాగా తీశారు కూడా. అయినా పింగళి మాటలూ, కె.వి.రెడ్డి తీసిన తీరూ చూశాక అది పాత కథని ఎవరంటారు?

అలాగని "లోకంలో ఉన్నవి ఏడే కథలు, అన్నీ రామాయణ భారతాల్లోవే" అని దులిపేసుకునే దర్శకుల్ని నేను వెనకేసుకు రావట్లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం కూడా పొద్దున లేస్తే ఇంకొకళ్లు రాసిన కోడే వాడతాం. అన్నీ మొదట్నించీ రాస్తానంటే నవ్వుతారు. కానీ లైబ్రరీతో పాటు లైసెన్సు ఫైలు కూడా ఉంటుంది. రాసినవాడి పేరు అందులో ఉంటుంది. దాన్ని చెరిపేసి మన పేరు పెట్టుకోవడాన్ని వాడుకోవడం అనరు. 'మున్నాభాయ్'ని 'శంకర్ దాదా'గా తెచ్చుకున్నప్పుడు అది రీమేకని అందరికీ తెలుసు, గొడవే లేదు. సీన్లకి సీన్లు ఎత్తేసి "కథ, మాటలు, దర్శకత్వం" అని ఒకే పేరు వేసుకుంటేనే చిక్కు. అక్కడ నష్టపోయేది ఎక్కడో విదేశీ కంపెనీ ఒక్కటే కాదు. ఫైలు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మన కుర్ర రచయిత కూడా. డీవీడీ చూసి రాసేయొచ్చనుకున్న చోట అతనికి డబ్బులెవరిస్తారు?

కాబట్టి మూలం పేరు చెప్పండి, డబ్బివ్వాల్సి ఉంటే ఇవ్వండి, ఆ తర్వాత దాన్ని మన ఊరు తీసుకెళ్లండి. ఈ మూడూ చేసినవాణ్ణి నేను కాపీ అనను.

అన్నట్టు 'అవర్ హాస్పిటాలిటీ' మీద 2019తో అమెరికాలో కాపీరైటు తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గంటా పావు సినిమా. మాటల్లేవు, మధ్యమధ్య నాలుగు అక్షరాల కార్డులు తప్ప. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ, తెలుగు సరిగా రాని మనవలూ ఒకే సోఫాలో కూర్చుని ఒకేసారి నవ్వగలిగే సినిమాలు మనకెన్నున్నాయి చెప్పండి? ఈ శనివారం అది వేసి, ఆదివారం 'మర్యాద రామన్న' పెట్టండి. ఆ పట్టుకునే స్నేహితుణ్ణి కూడా పిలవండి, కాకపోతే రెండో ప్రశ్న వాణ్ణే అడగండి.