అభిమానం ఎవరిది? అదుపు ఎవరి మీద?

పెన్‌పహాడ్‌లో గానీ, సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ ఆడపిల్ల తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానన్నా, కొట్టే భర్త నుంచి విడిపోతానన్నా పెద్దల నోట వచ్చే మాట ఒకటుంది: 'ఇదేమన్న అమెరికా అనుకున్నవా?' ఈ ప్రశ్నకూ అమెరికాకూ నిజానికి సంబంధం లేదు. ఆ పిల్లను గడప దాటనివ్వకుండా ఆపడమే దీని పని.

అమెరికాలో కుటుంబమే లేదనీ, పద్దెనిమిదేళ్ళు రాగానే పిల్లల్ని బయటికి పంపేస్తారనీ, ఆడవాళ్ళకు కట్టుబాటే ఉండదనీ మనవాళ్ళు ధీమాగా చెబుతారు. అదే ఇంటికి అమెరికా సంబంధం వస్తే మాత్రం పొలం అమ్మి కట్నం సమకూరుస్తారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. డాలరు పవిత్రం, ఆ దేశపు స్త్రీ అపవిత్రం! ఇదేం సంస్కృతి?

మన కుటుంబాల్లో ప్రేమ ఎక్కువంటారు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే ప్రణయ్‌ని పట్టపగలు నరికి చంపారు. అతను దళితుడు, ఆమెది పై కులం. హత్య చేయించింది ఆమె తండ్రేనన్నది పోలీసుల కేసు. తీర్పు రాకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్యను 'తండ్రి ప్రేమ' అని సమర్థించినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. కూతురి ఇష్టాన్ని చంపే ఈ ప్రేమకంటే చెడ్డదేం చూసి మనం అమెరికాను వేలెత్తి చూపుతున్నాం?

ఇంతకీ 'అమెరికన్లు' అంటే ఎవరు? 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథాలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని 'నా దేశం నుంచి పో' అని అరుస్తూ కాల్చి చంపినవాడు తెల్ల అమెరికన్. అతణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్న ఇయాన్ గ్రిలట్ కూడా తెల్ల అమెరికనే. 'వాళ్ళంతా ఇంతే' అనే మాటలో ఈ ఇద్దరూ ఎలా ఇముడుతారు? ఇక శ్రీనివాస్ భార్య సునయన దుమాల. భర్త పోవడంతో, అతని వీసా మీద ఆధారపడిన ఆమెకు ఆ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైంది. హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు 2015 దాకా అక్కడ పనిచేసే హక్కు లేదు. ఆ ఏడాది ఇచ్చింది కూడా కొందరికే. స్త్రీని భర్త నీడగా చూడటంలో రెండు దేశాలూ చక్కగా ఏకీభవించాయి!

అక్కడి స్త్రీలకు హక్కులు పళ్ళెంలో పెట్టి ఎవరూ ఇవ్వలేదు. 1972లో అమెరికన్ కాంగ్రెస్ ఆమోదించిన సమాన హక్కుల సవరణకు 1982 గడువులోగా చాలినన్ని రాష్ట్రాల ఆమోదం దొరకలేదు. కుటుంబం కూలిపోతుందని అక్కడా గగ్గోలు పెట్టారు. 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకున్న రాజ్యాంగ రక్షణను తీసేసింది. అమెరికా ప్రభుత్వ యుద్ధాలనూ పెత్తనాన్నీ మనం ఎదిరించాల్సిందే. ఆ పేరుతో అక్కడి స్త్రీలను తిట్టడం మాత్రం సామ్రాజ్యవాద వ్యతిరేకత కాదు, పితృస్వామ్యమే.

ప్రాంతీయ అభిమానం సంగతీ చూద్దాం. సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం ఈ సూర్యాపేట ప్రాంతపు బిడ్డే. పోరాటం ముగిశాక ఎందరో స్త్రీలను తిరిగి వంటింటికే పంపిన తీరును స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'లో వినిపించింది. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. మంత్రివర్గంలో మాత్రం 2019 సెప్టెంబరు దాకా ఒక్క స్త్రీ లేదు. బతుకమ్మ తలకెత్తుకోవడానికి మనం కావాలి, పాలనలో అక్కర్లేదు!

ఎన్నారై పెళ్ళిళ్ళ నమోదుకు 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. సమగ్ర చట్టం కావాలని 2024లో లా కమిషన్ మళ్ళీ సిఫారసు చేయాల్సి వచ్చింది. సంస్కృతి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు ఈ జాప్యం అవమానంగా తోచలేదు. కాబట్టి మన సంఘాలు గ్రామాల్లో చెప్పాల్సినవి స్పష్టంగా ఉన్నాయి: పెళ్ళి నమోదు చేయించాలి, వరుడి ఉద్యోగం, వీసా వివరాలు విచారించాలి, పాస్‌పోర్టు అమ్మాయి చేతిలోనే ఉండాలి, కట్నం ఇవ్వకూడదు.

'ఇదేమన్న అమెరికా అనుకున్నవా?' అని ఈసారి ఎవరైనా అడిగితే మన జవాబు ఒక్కటే. కాదు, ఇది మా ఊరు. మా హక్కులు మాకు ఇక్కడే కావాలి.