జమా – ఖర్చు : పరిచయం అయింది... మరి తరువాత?



సాయంత్రాలు వరాలా తలావ్ దగ్గర మనవాళ్ళు నలుగురు చేరితే ఒక ఫిర్యాదు తరచు వినిపిస్తుంటుంది. "వ్యాపారుల సమావేశానికి వెళ్ళాను, పదిమందిని కలిశాను, కార్డులు తెచ్చుకున్నాను. ఏం లాభం? ఒక్కరూ ఫోను చెయ్యలేదు!" మరి మీరు చేశారా అంటే మాత్రం మౌనమే సమాధానం.

బ్యాంకులో ఖాతా తెరిచినంత మాత్రాన సొమ్ము చేరదు, వేస్తేనే చేరుతుంది. పరిచయమూ అంతే.

మన భివండీలో చాలా మగ్గాలు జాబ్‌వర్కు మీదే నడుస్తాయి. వ్యాపారి నూలిస్తాడు, కార్ఖానాదారు నేసి మజూరీ తీసుకుంటాడు. ఒకరి సరుకు మరొకరి షెడ్డులోకి రావాలంటే నమ్మకం కావాలి. అది మొదటి నమస్కారంతో పుట్టదు. ఆ తరువాతి వారం పది రోజుల్లో మనం నడుచుకునే తీరును బట్టి పుడుతుంది.

అందుకని ఇంటికి చేరిన రాత్రే కార్డు వెనక మూడు ముక్కలు రాసుకోండి. ఎక్కడ కలిశారు, ఏం మాట్లాడారు, మీరు ఏం చేస్తానన్నారు. మూడోదే ముఖ్యం. "శాంపిల్ పంపుతాను" అని ఉంటే రెండు రోజుల్లో పంపండి. రీడ్, పిక్, పన్నా, నూలు కౌంటు, మీ పేరు, ఫోను నెంబరు చీటీ మీద రాసి గుడ్డకు కుట్టి మరీ పంపండి. ఆయన బల్ల మీద పదిమంది గుడ్డలు పడి ఉంటాయి. చీటీ లేని గుడ్డ ఎవరిదో ఆయనకేం తెలుసు?

జవాబు రాకపోతే పది రోజులు ఆగి మరొక్కసారి గుర్తు చెయ్యండి. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో 'గుడ్ మార్నింగ్' పంపడం గుర్తు చెయ్యడం కాదు సుమా!

బేరం కుదిరితే రేటు, గడువు రాతలో పెట్టండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన సొమ్మును రాసుకున్న గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో చెల్లించాలి. రాతకోతలు లేకపోతే గడువు 15 రోజులే. దాటితే వడ్డీ అడిగే హక్కు మీకుంది. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి, దానికి రుసుము లేదు. మాట్లాడుకున్న మర్నాడు మీరు పంపే నాలుగు వాక్యాల సందేశమే రేపు అవసరమైతే ఆధారంగా పనికొస్తుంది.

చివరిగా ఒక మాట. మిమ్మల్ని పరిచయం చేసిన సోలాపూర్ పెద్దాయనకో, సిరిసిల్ల బావగారికో పని అయిందీ కానిదీ తప్పక చెప్పండి. ఆయన తన పరువును మీకు హామీగా పెట్టారు. మీవల్ల ఆయనకు తలవంపులైతే, రేపు ఉద్యోగం కోసమో, పని కోసమో వచ్చే మన కుర్రవాణ్ణి మరొకరి దగ్గరికి తీసుకువెళ్ళడానికి వెనుకాడతారు. ఆ నష్టం మీ ఒక్కరి ఖాతాలో పడేది కాదు, మనందరిదీ.

మీ సొరుగులో ఎన్ని కార్డులున్నాయో ఈ ఆదివారం తీసి చూడండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.