11 నెలల కాగితం మీద చెట్టు ఎవరు నాటుతారు?

ఇది కాస్త పెద్ద పోస్ట్. షిఫ్ట్ బ్రేక్‌లో కుదరకపోతే ఆదివారం చదవండి.

మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత పొలం ఉంది. నాన్నకి వయసైపోయింది. మనం ఇక్కడ బ్రాంప్టన్ వేర్‌హౌస్‌లోనో, లెమింగ్టన్ గ్రీన్‌హౌస్‌లోనో ఉన్నాం. ఫోన్ చేస్తే ఇంట్లో ఒకటే మాట: "కౌలు సరిగా రావట్లేదురా, జామాయిల్ వేసేద్దాం. నాటి వదిలేస్తే నాలుగేళ్లకి కొట్టించుకోవచ్చు." మా బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉంటే ముగ్గురిళ్లల్లో ఇదే గోల. మాది ఒంగోలు వైపు. ఈమధ్య దీనికి ఆగ్రోఫారెస్ట్రీ అని మంచి పేరు కూడా తగిలించారు.

మేమనేది ఏంటంటే, పొలమంతా జామాయిల్ నింపడం ఆగ్రోఫారెస్ట్రీ కాదు, అది కర్ర తోట. పంటా చెట్టూ ఒకే చేలో కలిసి బతికితేనే ఆ పేరు పెట్టాలి.

మనం కిచెనర్ వైపు వెళ్లేటప్పుడు దారిలో గ్వెల్ఫ్ తగులుతుంది కదా. అక్కడి యూనివర్సిటీ వాళ్లు 1987 నుంచి ఇదే పని మీద ఉన్నారు. ఆండ్రూ గోర్డన్, నరేష్ తేవతాసన్ అనే ప్రొఫెసర్లు చెట్లను వరసలుగా నాటించి, వరసల మధ్య మొక్కజొన్న, సోయా, గోధుమ వేయించి ఏళ్ల తరబడి కొలిచారు. రాలిన ఆకుల వల్ల నేలకి నత్రజని చేరింది. చెట్ల వరసల దగ్గర వానపాములు ఎక్కువ కనిపించాయి, పిట్టలూ పెరిగాయి. ఒట్టి పంట వేసిన నేలకన్నా కార్బన్ ఎక్కువ నిలిచింది. అయితే చెట్టు పక్కన నీడ పడ్డచోట మొక్కజొన్న, సోయా దిగుబడి తగ్గిందని కూడా వాళ్లే రాశారు. అది దాచలేదు కాబట్టే మిగతాది నమ్మాలనిపిస్తుంది. అంటే కొమ్మలు కొట్టాలి, ఏ వరస పక్కన ఏ పంట వేయాలో చూసుకోవాలి. నాటి వదిలేసే పని కాదు, పక్కన మనిషి ఉండాల్సిన పని.

సస్కాచెవాన్ సంగతి ఇంకోటి. ట్రక్కు నడిపేవాళ్లు చూసే ఉంటారు, చేల మధ్య పొడుగ్గా చెట్ల వరసలు. గాలికి మట్టి ఎగిరిపోకుండా, మంచు చేలోనే ఆగేలా నాటినవి. ఇండియన్ హెడ్ అనే ఊళ్లో ప్రభుత్వ నర్సరీ 1901లో మొదలై, వందేళ్లకి పైగా రైతులకి 60 కోట్లకు మించి మొక్కలు ఇచ్చింది. 1930ల కరువులో దుమ్ము తుఫాన్లు చూసినవాళ్లకి ఆ చెట్ల విలువ తెలుసు. 2013లో ఆ పంపిణీ ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద పెద్ద మెషిన్లు తిరగడానికి అడ్డమని చాలాచోట్ల ఆ వరసల్నే పీకేస్తున్నారు.

మన దగ్గర జరిగింది కూడా ఇదే కదా! గట్టు మీద వేపలు, తుమ్మలు, తాళ్లు ఉండేవి. ట్రాక్టర్‌కి అడ్డమని, నీడకి పంట రాదని మన నాన్నలే కొట్టించారు. వాళ్లని తప్పుబట్టలేం, అప్పుడు అందరూ చేసిందే. తర్వాత సుబాబుల్, జామాయిల్ వచ్చాయి. కర్ర ధర పడిపోయినప్పుడు మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి ఆగడం మన జిల్లాలో అందరికీ తెలిసిందే.

ఇక అసలు సంగతి. మన పొలం చేస్తున్నది మనం కాదు, కౌలు రైతు. ఆంధ్రలో 2019 సాగుదారుల చట్టం ప్రకారం ఆయనకిచ్చే కాగితం 11 నెలలది. దానికీ మన సంతకం కావాలి, అదీ చాలామందిమి పెట్టం, పొలం పోతుందేమోనని భయం. 11 నెలల మనిషి వేప మొక్కకి నీళ్లెందుకు పోస్తాడు? 2014లో దేశమంతటికీ ఆగ్రోఫారెస్ట్రీ పాలసీ తెచ్చారు. పాలసీ ఎంత మంచిదైనా, గట్టు మీద మొక్క బతికేది నీళ్లు పోసే చేతిని బట్టే. ఆ చెయ్యి పక్క ఏడు అక్కడ ఉంటుందో లేదో మన ఫోన్ కాల్ మీద ఆధారపడి ఉంది. వర్క్ పర్మిట్ రెన్యువల్ కోసం రోజూ ఈమెయిల్ చూసుకునే మనకి ఈ బాధ ఒకరు చెప్పాలా?

అందుకని మేం ముగ్గురం ఒకటి అనుకున్నాం. జామాయిల్ వద్దని ఇంట్లో చెప్పేశాం. కౌలు ఐదేళ్లకి మాటిచ్చి, ఊళ్లో నలుగురి ముందు కాగితం రాసుకుంటాం. గట్ల మీద వేప, మునగ, నాలుగు మామిడి. మొక్కల ఖర్చు మాది, కాపలా ఆయనది. మునగ కాయలూ మామిడి కాయలూ ఆయనవే.

మొన్న వీడియో కాల్‌లో మాలో ఒకరి కౌలు రైతు మామతో ఇదంతా చెప్పాం. ఆయన అంతా విని, "ఐదేళ్లయ్యాక చెట్టు పెద్దదవుతుంది బాబూ, అప్పుడు కర్ర ఎవరిది?" అన్నాడు. మాలో ఒకడు సగం సగం అన్నాడు, ఇంకొకడు నాన్నని అడగాలన్నాడు. ఇంకా తేల్చలేదు. మీ ఊళ్లల్లో ఇలాంటి ఒప్పందం ఎవరైనా చేసుంటే, కర్ర వాటా ఎలా రాసుకున్నారో కింద చెప్పండి. జూన్ లోపు కాగితం రాయాలి.