సమానార్థకమనే మాయ

సామెతలు మానవజాతి అనుభవసారమనీ, వాటికి దేశకాల భేదాలు లేవనీ, యూరపు భాషలన్నిటా ఒకే సామెత కనిపించడమే ఇందుకు నిదర్శనమనీ కొందరు విమర్శకులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. వాదం వినసొంపుగానే ఉంది. కాని పరీక్షకు నిలవదు.

"ఒక్క వానకోయిల వచ్చినంతలో వేసవి రాదు" అన్న సామెతనే తీసుకుందాం. ఇంగ్లీషులో, జర్మనులో అది వేసవి; ఫ్రెంచిలో, రష్యనులో వసంతం. పిట్ట మాత్రం అదే. ఇన్ని దేశాల రైతులు ఎవరికి వారే ఆకాశం చూసి ఈ మాట కనిపెట్టారా? అరిస్టాటిల్ నాటికే ఇది గ్రీకులో ఉంది. ఎరాస్మస్ గ్రీకు, లాటిను లోకోక్తులను పోగుచేసి 1500లో సుమారు 800తో ప్రకటించిన గ్రంథం, 1536 నాటికి 4,151 లోకోక్తుల 'అడాజియా' అయింది. లాటిను బడులలో పిల్లలచేత ఇటువంటి మాటలనే వల్లింపజేశారు. ఈ పోలికలలో చాలావాటికి మూలం బడి, చర్చి, అచ్చుయంత్రం. మారని మానవస్వభావం కాదు.

సరే, మాట ఒకటే అయింది. అర్థమైనా ఒకటేనా? "చేతిని చేయి కడుగుతుంది" అన్నది పాత లాటిను సామెత. ఇటలీవారు దానికి "రెండూ కలిసి ముఖం కడుగుతాయి" అని చేర్చి పరస్పర సహాయాన్ని మెచ్చుకుంటారు. రష్యనులో అదే మాట అక్రమపరులు ఒకరినొకరు కాపాడుకోవడాన్ని ఈసడిస్తుంది. ఈ భేదం గమనించక నేనొక రష్యను కథ అనువాదంలో, లంచగొండి గుమాస్తాల ప్రసంగం వచ్చినచోట, "రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు" అని వ్రాశాను. "దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకున్నట్లు" అన్న సామెత మన నాలుక చివరనే ఉండగా, దోపిడీని సహకారోద్యమంగా మార్చిన ఘనత నాది! కథలోని ఆగ్రహమంతా నా కలం కింద చల్లారిపోయింది.

అసలు సంగతి ఇది. సామెతలలో యజమాని పలికినవీ ఉన్నాయి, కూలివాడు పలికినవీ ఉన్నాయి. "జూపిటరుకు చెల్లినది ఎద్దుకు చెల్లదు" అంటుంది లాటిను. "చిన్నదొంగలను ఉరితీస్తారు, పెద్దదొంగలను వదిలేస్తారు" అంటాయి జర్మను, డచ్చి భాషలు. రెండూ చూపే వాస్తవం ఒకటే. మొదటిది దానిని ధర్మమంటుంది, రెండవది అన్యాయమంటుంది. 1381లో ఇంగ్లండు రైతులు తిరగబడినప్పుడు జాన్ బాల్ అనే మతగురువు, ఆదాము నేల తవ్వి, అవ్వ నూలు వడికిన నాడు దొరలెక్కడున్నారని అడిగాడు. ఆ ప్రశ్న ఇంగ్లీషులోనే కాక జర్మనులోనూ సామెతై నిలిచింది. వీటినన్నిటినీ "లోకజ్ఞానం" అన్న ఒకే మూటలో కడితే, కొరడానూ వీపునూ ఒకే జాబితాలో వ్రాసినట్లే.

సామెతలు సేకరించేవారికీ, అనువదించేవారికీ నా మనవి ఒక్కటే: సమానార్థకం వెతికే ముందు, ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో వ్రాయండి. నేనా పని చేసి ఉంటే, ఆ గుమాస్తాలు నా చేతిలో సజ్జనులయ్యేవారు కారు.