ముందు మాట నిలబెట్టుకోండి.. తర్వాతే అమ్మకం!

డిజిటల్ మార్కెటింగ్‌లో చేరారా? కొత్త సబ్‌స్క్రైబర్లకు స్వాగత మెయిల్స్ రాసే పని మీకూ రావచ్చు. చాలామంది మొదటి మెయిల్‌లోనే ‘కొనండి’ అంటారు. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లైనా ఇవ్వకుండా చీటీ కట్టమన్నట్టే!

ఉచిత నోట్స్ ఇస్తామని ఈమెయిల్ తీసుకున్నారనుకుందాం. మొదటి మెయిల్‌లో వెంటనే ఆ నోట్సే పంపండి. రెండ్రోజులాగి పనికొచ్చే సంగతి ఒక్కటి చెప్పండి. మూడోదాంట్లో ‘మీ ఇబ్బందేంటి?’ అని అడగండి, జవాబులు చదవండి. అమ్మకం నాలుగోదాంట్లో.

వద్దనుకున్నవాళ్లు ఒక్క క్లిక్‌తో తప్పుకునే వీలుండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్ల ప్రచార మెయిల్స్‌కు గూగుల్ 2024లో దీన్ని తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరితే మెయిల్స్ ఇన్‌బాక్స్‌కే వెళ్లకపోవచ్చు. అప్పుడు మీరెంత బాగా రాసినా చదివేవాళ్లుండరు.